గార్నెట్ రాయికి మూలలెన్ని? నేను 20 అన్నా, ఒక చెల్లి 14 అంది

ఈ ఎపిసోడ్ నేను ప్లాన్ చేసింది కాదు. నేను చేసిన తప్పు వల్ల వచ్చింది. కాబట్టి ముందు ఆ తప్పేంటో చెప్పేస్తా, తర్వాత లెక్కల్లోకి వెళ్దాం.

రెండు ఎపిసోడ్ల కింద మన ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వైపు దొరికే రాళ్ళ గురించి మాట్లాడుకున్నాం, గుర్తుందా? అందులో గార్నెట్ ఫోటో ఒకటి చూపిస్తూ, "దీనికి 12 ముఖాలు. అంటే ఇది డోడెకాహెడ్రాన్, ప్రపంచంలో ఉన్న ఐదు క్రమ ఘనాల్లో ఒకటి. 20 మూలలు, 30 అంచులు" అన్నా. ఎంత ధీమాగా అన్నానంటే ఎడిటింగ్‌లో కూడా నాకు అనుమానం రాలేదు. 12 ముఖాలు అనగానే 12-20-30 అని నోట్లోంచి వచ్చేసింది. ఇంటర్‌లో బట్టీ పట్టిన టేబుల్ అది.

వారం తర్వాత ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పాల్వంచ వైపు ఒక ఊరు, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి, వాళ్ళన్న ఫోన్‌లోంచి పంపింది. "అన్నా, మా తాత దగ్గర ఆ రాయి ఉంది. నేను లెక్కపెట్టిన. ముఖాలు 12 కరెక్టే. మూలలే 20 రావట్లేదు, 14 వస్తున్నయి. మూడుసార్లు చూసిన అన్నా."

నేనేం చేశానో తెలుసా? "ఇంకోసారి జాగ్రత్తగా లెక్కపెట్టు చెల్లీ" అని టైప్ చేసి, పక్కన ఒక థంబ్స్ అప్ పెట్టి, వేరే పనిలో పడిపోయా. ఆ రాయి నేను చూడలేదు. కనీసం పెన్ను పట్టుకుని ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు.

తర్వాత తెలిసింది. ఆ అమ్మాయి స్కూల్ ప్రాజెక్ట్ బుక్‌లో 14 అని రాసుకుందట. నా రిప్లై చూసి దాన్ని కొట్టేసి, పక్కన 20 అని రాసి సబ్మిట్ చేసింది. "మీరు బీటెక్ కదా అన్నా, నాకే లెక్క రాలేదేమో అనుకున్న." చేతిలో రాయి పెట్టుకుని మూడుసార్లు కరెక్ట్‌గా లెక్కపెట్టిన పిల్ల, రాయిని చూడనోడి మాట నమ్మి తన లెక్క కొట్టేసుకుంది. మొన్న దసరాకి ఖమ్మంలో మా ఇంటికి వచ్చినప్పుడు, పొద్దున్నే బస్సెక్కి వాళ్ళ ఊరు వెళ్ళా.

రాయి రేగుపండు కన్నా కొంచెం పెద్దది. కొద్దిగా నలుపు కలిసిన ఎరుపు. వెలుతురుకి పెడితే అంచుల దగ్గర దానిమ్మ గింజలా మెరుస్తుంది. ఒక మూల చెదిరింది, మిగతాదంతా బాగానే ఉంది. వాళ్ళ తాత అన్నాడు, "మా చిన్నప్పుడు వాన పడినంక చేన్లో కనపడేటియి బాబూ, ఆడుకునేటోళ్ళం" అని. ఆ అమ్మాయి తెలివి చూడండి. ఎక్కడ లెక్కపెట్టడం మొదలుపెట్టిందో మర్చిపోకుండా ఉండడానికి మూల మూలకీ నెయిల్ పాలిష్ చుక్క పెట్టింది. మూడు ముఖాలు కలిసే మూలకి గులాబీ రంగు, నాలుగు ముఖాలు కలిసే మూలకి తెలుపు. గులాబీ చుక్కలు 8, తెల్ల చుక్కలు 6. మొత్తం 14.

నేనూ లెక్కపెట్టా. 14.

సరే, ఇప్పుడు లెక్క. చదునైన ముఖాలు మాత్రమే ఉండే ఘనాన్ని బహుముఖి అంటాం, కొందరు బహుఫలకం అని కూడా రాస్తారు. అగ్గిపెట్టె బహుముఖి. బంతి కాదు, ఎందుకంటే వంపు ఉంది. డబ్బా పాల టిన్ను కూడా కాదు, పైనా కిందా చదునే గానీ చుట్టూ వంపు. బహుముఖిలో మూడు విషయాలు చూడాలి. చదునైన పలక ముఖం, రెండు ముఖాలు కలిసే గీత అంచు, అంచులు కలిసే చోటు శీర్షం, అంటే మూల.

ఎనిమిదో తరగతిలో మనందరికీ ఒక ఫార్ములా చెప్తారు. ముఖాలు, మూలలు కూడితే, అంచుల కన్నా రెండు ఎక్కువ వస్తుంది. ఆయిలర్ సూత్రం. 1750లో ఆయన తన స్నేహితుడు గోల్డ్‌బాఖ్‌కి రాసిన ఉత్తరంలో దీని గురించి చెప్పాడు. అగ్గిపెట్టె తీసుకోండి. ముఖాలు 6, మూలలు 8, కలిపితే 14. అంచులు 12. రెండు ఎక్కువ, సరిపోయింది.

నేను చదివిన స్కూల్లో ఈ ఫార్ములా ఎలా చెప్పారంటే, బోర్డు మీద ఒక టేబుల్, మూడు నంబర్లలో రెండు ఇచ్చి మూడోది కనుక్కోమనడం. కూడిక, తీసివేత. రెండు మార్కులు ఖాయం. ఘనం ఒక్కటి కూడా ఎవ్వరం చేత్తో పట్టుకోలేదు. బొమ్మలో చుక్కల గీతలు ఎందుకుంటాయో కూడా నాకు చాలా కాలం తెలీదు. వెనక దాగిన అంచులు అవి అని ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అందంగా ఉండడానికి గీస్తారనుకున్నా, నిజంగా.

మీరు ఇంట్లో చేసి చూడాల్సింది ఒకటి చెప్తా. ఊళ్ళో రెండు వైపులా వాలున్న పెంకుటిల్లు ఉంటుంది కదా. దాన్ని ఒక ఘనం అనుకోండి. కింద నేల 1, గోడలు 4, కప్పు పలకలు 2. మొత్తం 7 ముఖాలు. మూలలు, నేల దగ్గర 4, గోడల పైన 4, కప్పు శిఖరం దూలానికి రెండు కొసల్లో 2. మొత్తం 10. అయితే అంచులు 15 రావాలి. లెక్కపెట్టండి, వస్తాయి. ఇక్కడ చాలామంది ఒకచోట దొరికిపోతారు. ముందు గోడ మీద, కప్పు కింద ఉండే మూడు కోణాల ముక్కని వేరే ముఖంగా లెక్కేస్తారు. అది గోడతో ఒకే చదునులో ఉంది, కాబట్టి వేరే ముఖం కాదు. గోడ, ఆ ముక్క కలిపి ఒకే అయిదు భుజాల ముఖం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, ఒకే చదునులో ఉంటే ఒకే ముఖం. ఇంకాసేపట్లో గార్నెట్ రహస్యం మొత్తం దీని మీదే తేలుతుంది.

ఇప్పుడు నా తప్పు ఎక్కడుందో చూద్దాం. రాయిని ముట్టుకోకుండానే నేను దాన్ని పట్టుకోగలిగేవాణ్ణి. ఎలాగంటే, ఆ రాయి మీద ఒక్కో ముఖానికి ఎన్ని భుజాలున్నాయి అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే చాలు. నాలుగు. డైమండ్ ఆకారం, పేక ముక్కల్లో డైమండ్ ఉంటుంది కదా, అది. మన భాషలో సమచతుర్భుజం. 12 ముఖాలు, ఒక్కోదానికి 4 భుజాలు, మొత్తం 48. కానీ ప్రతి అంచునీ రెండు ముఖాలు పంచుకుంటాయి, కాబట్టి సగం, 24 అంచులు. ఇప్పుడు ఆయిలర్‌ని పిలవండి. మూలలు ఎన్ని? 24కి 2 కలిపి 12 తీసేస్తే 14.

14! ఆ అమ్మాయి నెయిల్ పాలిష్‌తో పట్టుకున్న నంబర్ అదే.

నేను చెప్పిన డోడెకాహెడ్రాన్‌కి కూడా 12 ముఖాలే, కానీ ఒక్కో ముఖం పంచభుజి. 12 సార్లు 5 అంటే 60, సగం 30 అంచులు, మూలలు 20. రెండిటికీ ముఖాలు పన్నెండే, రూపాలు వేరు. ముఖాల సంఖ్య ఒక్కటి తెలిస్తే ఘనం తెలిసినట్టు కాదు. ముఖం ఎలాంటిదో కూడా తెలియాలి. నా మెదడు 12 అనగానే టేబుల్‌లోకి దూకేసింది.

ఇంకో తప్పు కూడా అన్నా. "ఐదు క్రమ ఘనాల్లో ఒకటి" అన్నా కదా, అదీ కాదు. క్రమ ఘనం అవ్వాలంటే ముఖాలన్నీ ఒకే కొలత క్రమ బహుభుజులు కావాలి, ప్రతి మూల దగ్గరా అన్నే ముఖాలు కలవాలి. మన రాయికి కొన్ని చోట్ల 3, కొన్ని చోట్ల 4. అందుకే ఆ అమ్మాయికి రెండు రంగులు కావాల్సొచ్చింది. అసలు క్రమ ఘనాలు ఐదే ఎందుకంటే, మూల తయారవ్వాలంటే కనీసం మూడు ముఖాలు కావాలి, వాటి కోణాల మొత్తం 360 డిగ్రీల కన్నా తక్కువ ఉండాలి. సమబాహు త్రిభుజాలు 3, 4, 5 పెట్టొచ్చు. చతురస్రాలు 3. పంచభుజులు 3. షడ్భుజులు మూడు పెడితే కరెక్ట్‌గా 360, అంటే నేల మీద టైల్స్‌లా చదునైపోతుంది, మడత పడదు. అంతే, అయిదు దగ్గర ఆగిపోతుంది. యూక్లిడ్ తన పదమూడో పుస్తకంలో చూపించింది ఇదే.

మరి మన రాయి ఆకారం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఇది నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన భాగం.

(అట్ట క్యూబ్ చూపిస్తూ) ఇదిగో, 6 సెంటీమీటర్ల క్యూబ్. టూత్‌పేస్ట్ డబ్బాల అట్టతో చేశా. మధ్యలో ఒక మాట. గోదావరికి ఇవతల, భద్రాచలానికి ఎదురుగా సారపాకలో పేపర్‌బోర్డ్ ఫ్యాక్టరీ ఉంది, మీలో చాలామంది ఆ దారిలో వెళ్ళే ఉంటారు. 1979 నుంచి అక్కడ అట్ట తయారవుతోంది. మన జిల్లా రైతులు వేసే జామాయిల్, సుబాబుల్ కర్ర అక్కడికే పోతుంది. ఆ అట్ట చదును షీట్‌గానే బయటికి వస్తుంది, తర్వాత ఎక్కడో కట్ చేసి, మడిచి, డబ్బా చేస్తారు. మీ ఇంట్లో ఏ డబ్బా అయినా అతుకులు విప్పి పరిచి చూడండి. విప్పిన ఆ రూపాన్నే వలరూపం అంటాం. క్యూబ్‌ని విప్పడానికి 11 రకాల వలరూపాలున్నాయి. పదకొండూ గీసినోళ్ళు కింద చెప్పండి, నాకు మొదటిసారి తొమ్మిదే దొరికాయి.

సరే, మన క్యూబ్. ఇలాంటిదే రెండో క్యూబ్ తీసుకుని, దాని సరిగ్గా నడిమధ్య నుంచి ఎనిమిది మూలలకీ కోసుకుంటూ వెళ్ళాం అనుకోండి. ఆరు ముక్కలవుతుంది. ప్రతి ముక్కా ఒక పిరమిడ్, చదరపు అడుగు, ఎత్తు క్యూబ్‌లో సగం, అంటే 3 సెంటీమీటర్లు. ఈ ఆరు పిరమిడ్లనీ మొదటి క్యూబ్ ఆరు ముఖాల మీద ఒక్కోటి అంటించండి.

ఎన్ని ముఖాలు రావాలి? పిరమిడ్‌కి నాలుగు త్రిభుజాలు, ఆరు పిరమిడ్లు, 24. కానీ చేత్తో తడిమి చూడండి. క్యూబ్ పాత అంచు ఉన్నచోట గట్టు లేదు! నున్నగా ఉంది. ఎందుకంటే పిరమిడ్ వాలు 45 డిగ్రీలు. ఈ పక్క పిరమిడ్ 45, క్యూబ్ అంచు దగ్గర 90, ఆ పక్క పిరమిడ్ 45. కలిపితే 180, అంటే సరళరేఖ. రెండు త్రిభుజాలు ఒకే చదునులోకి వచ్చి ఒకే ముఖం అయిపోయాయి. పెంకుటింటి గోడ గుర్తొచ్చిందా? 24 త్రిభుజాలు జతలుగా కలిసి 12 సమచతుర్భుజాలు.

ఇప్పుడు లెక్క మళ్ళీ చూడండి. క్యూబ్‌కి 12 అంచులు, ఒక్కో అంచు మాయమై ఒక్కో ముఖం పుట్టింది, అందుకే 12 ముఖాలు. క్యూబ్ మూలలు 8 అలాగే ఉన్నాయి, అవే గులాబీ చుక్కలు. పిరమిడ్ కొసలు 6, అవి తెల్ల చుక్కలు. ఒక్కో కొస నుంచి 4 అంచులు కిందికి దిగుతాయి, ఆరు నాలుగులు 24. ఇక్కడ ఫార్ములా కూడా అక్కర్లేదు, ఎందుకలా వచ్చిందో కళ్ళకి కనపడుతోంది. ఇంకో బోనస్, రెండు క్యూబులు కలిస్తే ఇది తయారైంది కాబట్టి దీని ఘనపరిమాణం క్యూబ్‌కి సరిగ్గా రెట్టింపు.

మీరు చెయ్యాలనుకుంటే పిరమిడ్ల గోల వద్దు. ఒక కర్ణం 6 సెంటీమీటర్లు, రెండో కర్ణం 8.5 సెంటీమీటర్లు ఉండే సమచతుర్భుజాలు 12 కత్తిరించి టేప్ వెయ్యండి. మూడు చోట్ల వెడల్పు కోణాలు, నాలుగు చోట్ల సన్న కోణాలు కలిసేలా చూసుకుంటే అదే మూసుకుంటుంది. పెళ్ళి కార్డుల అట్ట బాగుంటుంది, నేను చేసింది దాంతోనే.

కెప్లర్ పేరు విన్నారుగా, గ్రహాల కక్ష్యలు కనుక్కున్నాయన. 1611లో మంచు రేణువుల గురించి స్నేహితుడికి కొత్త సంవత్సరం కానుకగా ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో దానిమ్మ గింజలు ఇలా సమచతుర్భుజాల ముఖాలతో ఎందుకుంటాయని అడుగుతాడు. గుండ్రటి గింజలు పెరిగి పెరిగి ఒకదాన్నొకటి నొక్కుకుంటే ఖాళీ లేకుండా సర్దుకునే ఆకారాల్లో ఇది ఒకటి. మన రాయి ఆకారాలు కూడా బోలెడు పేరిస్తే మధ్యలో సందు మిగలదు. ఇంకో తమాషా ఏంటంటే, గార్నెట్ అన్న పేరు వచ్చింది కూడా లాటిన్‌లో దానిమ్మని చెప్పే మాట నుంచే. అది రంగు చూసి పెట్టిన పేరు, ఆకారం చూసి కాదు. మన నవరత్నాల్లో గోమేధికం ఉంది కదా, అదీ గార్నెట్ కుటుంబమే, రంగు వేరు.

మరి ఖనిజాలు నేను చెప్పిన పంచభుజుల డోడెకాహెడ్రాన్‌లా ఎందుకు పెరగవు? మామూలు స్ఫటికంలో అణువులు ఒకే వరసలో మళ్ళీ మళ్ళీ పేర్చుకుంటూ పోతాయి. అలా మళ్ళీ మళ్ళీ వచ్చే అమరికలో ఐదు మడతల సౌష్ఠవం పట్టదు. క్రమ పంచభుజుల టైల్స్‌తో నేల కప్పడానికి ట్రై చెయ్యండి, సందులు మిగులుతాయి, అలాంటి ఇబ్బందే. గార్నెట్ లోపలి అమరిక క్యూబ్ జాతికి చెందింది, అందుకే క్యూబ్ నుంచి పుట్టే ఆకారాలే దాని ఒంటి మీద కనిపిస్తాయి. ఇది తెలిసుంటే నేను ఆ వీడియోలో ఆ మాట అని ఉండేవాణ్ణి కాదు.

ఆ రాయి సామాన్యమైంది కాదు, ఇంకొకటి చెప్పి తీరాలి. కొత్తగూడెం, పాల్వంచ దగ్గరే గరీబ్‌పేట కొండ ఉంది. అక్కడి గార్నెట్లని, పుదుచ్చేరి దగ్గర అరికమేడు అనే పాత రేవు పట్నంలో దొరికిన గార్నెట్లని పక్కపక్కన పెట్టి, రసాయన కూర్పు, లోపలి మలినాలు పోల్చి చూశారు. అరికమేడు అంటే రోమన్లతో వ్యాపారం నడిచిన చోటు. రెండూ సరిపోయాయని 2017లో జర్నల్ ఆఫ్ జెమాలజీలో పేపర్ వచ్చింది. అంటే మన దగ్గరి ఎర్రరాళ్ళు 600 కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి, పూసలయ్యేచోటికి చేరాయన్నమాట. అక్కడ ఈ ముఖాలన్నీ అరగదీసి గుండ్రంగా చేసి ఉంటారు, అది వేరే బాధ. ఇది విని గునపం పట్టుకుని కొండకి పోకండి బాబూ. అనుమతి లేకుండా తవ్వడం నేరం, పైగా చుట్టూ అడవి.

ఉద్యోగంలో ఉన్నప్పుడు నేను కొన్నాళ్ళు త్రీడీ మోడల్స్ మీద పని చేశా. మీరు ఫోన్‌లో ఆడే గేమ్‌లో హీరో ముఖం నున్నగా కనపడుతుంది గానీ, అది వేల త్రిభుజాల బహుముఖి. రంధ్రం లేని మోడల్ అయితే త్రిభుజాల సంఖ్య, మూలల సంఖ్యకి రెట్టింపులో నాలుగు తక్కువ ఉండాలి. ఇది ఆయిలర్ సూత్రం నుంచే వస్తుంది, మీరే రాబట్టండి. అలా రాకపోతే మోడల్‌లో ఎక్కడో చిరుగు ఉందని అర్థం. చేతికి గాజు ఉన్న మోడల్ అయితే ఇంకో కథ. నాలుగు ముక్కలు ఏటవాలుగా కోసి అతికిన ఫోటో ఫ్రేమ్ తీసుకోండి. ముఖాలు 16, మూలలు 16, అంచులు 32. తేడా రెండు కాదు, సున్నా! మధ్యలో ఉన్న రంధ్రం వల్ల అలా వచ్చింది. బోర్డు మీద ఈ మాట కూడా ఒక్క నిమిషం చెప్తే పిల్లలు ఫార్ములాని మంత్రంలా చూడరు. రోజూ ఇదే లెక్క కోడ్‌లో రాసినోణ్ణి, ఒక రాయి దగ్గర మాత్రం వాడలేదు.

ఆ రోజు వాళ్ళింట్లో కూర్చుని ఇదంతా అట్ట మీద చేశాం. పాత వీడియోకి పైన కరెక్షన్ పెట్టా. ప్రాజెక్ట్ బుక్ వెనక్కి తీసుకుని 20 కొట్టేసి, 14 అని మళ్ళీ రాసింది. పక్కన కారణం రాయమన్నా. "12 × 4 = 48, సగం 24" అని రాసి, కింద రెండు రంగుల చుక్కలతో బొమ్మ వేసింది. చుక్కల గీతలు కూడా వేసింది, వెనక అంచులకి.

నేను బయల్దేరుతుంటే వాళ్ళ తాత లోపల్నుంచి ఇంకో రాయి తెచ్చాడు. చిన్నది. దాని ముఖాలు గాలిపటం ఆకారంలో ఉన్నాయి, మొదటిదాని కన్నా చాలా ఎక్కువ. ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఎన్నో నేను చెప్తానేమో అని. నేను చెప్పలేదు. నిన్న రాత్రి మెసేజ్ వచ్చింది. ముఖాలు 24, అంచులు 48, మూలలు 26, ఈసారి మూడు రంగులు పట్టాయట.